వెనక వరసలోంచి ఒక ప్రశ్న

లైబ్రరీ పైఅంతస్తు హాలు నిండా కుర్చీలు వేశారు. వచ్చింది తొమ్మిది మంది. వాళ్లలో ఇద్దరు ఎండకి తాళలేక ఏసీ కోసం వచ్చినట్టున్నారు, కూర్చోగానే కళ్లు మూసుకున్నారు.

"ఇంకా వస్తార్లెండి మేడమ్," అంది ప్రచార విభాగం అమ్మాయి, మైకు సరిచేస్తూ.

రారని, మాట్లాడ్డానికొచ్చిన మేనేజరుకి తెలుసు. ఆవిడ నడిపే అంతరిక్ష నౌక ఎక్కడో దూరపు గ్రహం దగ్గర, దాని చందమామల్లో ఒకదాని చుట్టూ తిరుగుతోంది. అక్కడ నీళ్లున్నాయేమో అన్నన్నాళ్లు పేపర్లవాళ్లు ఎగబడ్డారు. ఉత్త రాళ్లేనని తేలాక పలకరించినవాడు లేడు. జనానికి మీరే వెళ్లి చెప్పండని పైవాళ్లు హుకుం జారీ చేశారు. ఎలా చెప్పాలో ఈ అమ్మాయి ఓపిగ్గా నేర్పింది.

"మా నౌకని 'ఎలా ఉన్నావ్?' అని అడిగామనుకోండి," మొదలుపెట్టింది మేనేజరు. "మనం సినిమాకెళ్లి తిరిగొచ్చేసరికి 'బాగానే ఉన్నా' అని వినిపిస్తుంది. ఈలోపు దానికేమైనా అయినా మనకి తెలీదు."

ముందు వరసలో ఒక పెద్దాయన నవ్వాడు. ఆవిడ హుషారుగా తలెత్తింది. అప్పుడు కనిపించాడు, చివరి వరసలో. ఏనాడో విడిపోయిన భర్త. ఒళ్లో చిన్నపిల్లల ఈత సంచీ ఉంది.

ఆవిడ నీళ్లు తాగి, ఎలాగో ముగించింది. ప్రశ్నలున్నాయా అంటే అతనొక్కడే చెయ్యెత్తాడు.

"అడగండి," అంది, ముక్కూమొహం తెలియనివాళ్లతో అన్నట్టు.

"జవాబు రాకపోతే ఏం చేస్తారండీ?"

"మళ్లీ పిలుస్తాం. ఒకసారి వారం పైగా మూగబోయింది. ఇళ్లకి పోకుండా వంతులవారీగా పిలుస్తూనే ఉన్నాం. ఆఖరికి పలికింది."

అందరూ చప్పట్లు కొట్టారు. నిద్రపోతున్నవాళ్లు కూడా లేచి కొట్టారు.

మెట్ల దగ్గర అతను ఆగి ఉన్నాడు.

"పాపకి పక్కనే ఈత క్లాసు. పోస్టర్ మీద నీ ఫొటో చూసి పైకొచ్చా."

"పాప ఉందా? ఎన్నేళ్లు?"

"ఐదు." సంచీ భుజం మార్చుకున్నాడు. "ఆ వారం నువ్వు ఇంటికి రాలేదు, గుర్తుందా? వచ్చాక ఏమైందని అడిగితే, నీకర్థం కాదులే అన్నావ్."

"అవును."

"ఇవాళ అర్థమైందే. ఏముంది అందులో?"

కోపం లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండుననిపించింది ఆవిడకి.

"అప్పట్లో నాకు చెప్పడం రాలేదు," అంది.

"పోన్లే. బాగా చెప్పావ్." అతను గడియారం చూసుకుని గబగబా దిగిపోయాడు. కిటికీలోంచి చూస్తే, తడిజుట్టు పిల్ల ఒకతి పరిగెత్తుకొచ్చి అతని చెయ్యి పట్టుకుంది. దారిపొడుగునా అతనేదో చెబుతూనే ఉన్నాడు. రెండో చేత్తో గుండ్రంగా చూపిస్తున్నాడు.

ఇంటికి వెళ్లబుద్ధి కాక మేనేజరు ఆఫీసుకి వెళ్లింది. కంట్రోల్ రూములో డ్యూటీ ఇంజనీరు కంగారుగా లేచాడు.

"ఏంటి మేడమ్, ఆదివారం పూట? ఏమైనా తేడా వచ్చిందా?"

"ఏం లేదు, ఊరికే వచ్చా. ఎలా ఉంది?"

"భేషుగ్గా ఉంది. మనం చూడాల్సిందేం లేదు."

"మంచిది," అంది. పక్క కుర్చీలో కాసేపు కూర్చుంది. అతను మర్యాదకి రెండు మాటలు మాట్లాడి, తన పనిలో పడ్డాడు. ఆవిడ బ్యాగు తీసుకుని, తలుపు చప్పుడు కాకుండా వేసి బయటికి నడిచింది.