చాటు లేని గట్టు

పనిలోకి వెళ్ళిన రోజు సూరమ్మ గుక్కెడు నీళ్ళు కూడా తాగేది కాదు. కొల్లేరు పక్కన చేపల చెరువుల మీద కనుచూపు మేరా గట్లే తప్ప చాటన్నది లేదు. మగవాళ్ళు వల లాగితే ఆడవాళ్ళు చేపలు ఏరి ట్రేలకెత్తుతారు. పొద్దు వాలేదాకా ఇంటి మొహం చూడరు. నీళ్ళు తాగితే ఎక్కడికెళ్ళాలి?

అందుకే ఒంటికి వెళ్ళినప్పుడు తరచూ మంట పుట్టేది. భీమడోలు వెళ్ళేవాళ్ళ చేత మందుల షాపులో బిళ్ళలు తెప్పించుకుని, మంట తగ్గగానే ఆపేసి, మిగిలినవి దాచుకునేది. అదే చెరువుల మీద వల లాగే మొగుడు సత్తియ్యకి కూడా చెప్పలేదు. సిగ్గు.

ఈసారి ఆ బిళ్ళలు పనిచేయలేదు. నడుములో పోటు, వణికించే జ్వరం. సత్తియ్య ఆటో మాట్లాడి ఏలూరు ఆసుపత్రికి తీసుకెళ్ళాడు.

డాక్టరు ప్రసన్నకుమారి సెలైన్ పెట్టించి, మూత్రం పరీక్షకి పంపింది. రిపోర్టు వచ్చాక మంచం పక్కన కూర్చుంది.

"మీ ఒంట్లో ఉన్న క్రిమి మొండిదమ్మా. మామూలు మందులు వేటికీ చావట్లేదు. ఇంతకుముందు బిళ్ళలేమైనా వాడారా?"

సూరమ్మ తల దించుకుని ఉన్నదంతా చెప్పింది.

"సగంలో ఆపేస్తే బలం లేనివి చచ్చి, మొండివి మిగిలిపోతాయమ్మా. అవే పెరుగుతాయి. అదృష్టం, ఒక ఇంజెక్షను పనిచేస్తోంది. పూర్తిగా చేయించుకునే వెళ్ళాలి. నీళ్ళు బాగా తాగాలి."

"పనికాడ తాగలేనండీ. చాటుండదండీ," అని గొణిగింది సూరమ్మ.

డాక్టరు వెళ్ళాక, పక్కనే ఉండి అంతా విన్న సత్తియ్య స్టూలు మంచం దగ్గరికి జరుపుకున్నాడు.

"నేనైతే గట్టు దిగి అటు తిరిగి నిలబడేవోణ్ణి," అన్నాడు. "పక్కనే ఉన్నావు. నీ సంగతి ఒక్కనాడూ తట్టలేదే నాకు!"

"చెప్తేగా తట్టడానికి," అంది సూరమ్మ.

అతను గ్లాసు నిండా నీళ్ళు పోసి తాగించాడు. కాసేపటికి ఆమె లేవబోతే, సెలైన్ సీసా పైకెత్తి పట్టుకుని బాత్రూము దాకా నడిపించాడు. తలుపు అవతల నిలబడి, "తొందరేం లేదు, నేనిక్కడే ఉన్నా," అన్నాడు. లోపల సూరమ్మకి నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

జ్వరం తగ్గగానే "ఇంటికి పోదామయ్యా" అంది. సత్తియ్య ఒప్పుకోలేదు. ఆఖరి ఇంజెక్షను అయ్యాకే ఊరికి తీసుకొచ్చాడు.

ఆ మర్నాడే గట్టు మీద గుంత తవ్వి, చుట్టూ తాటాకు దడి కట్టడం మొదలుపెట్టాడు. చెరువు ఆసామి హనుమంతరావు వచ్చి, "ఇదేంటి సత్తియ్యా?" అన్నాడు.

"ఆడోళ్ళకండీ," అన్నాడు సత్తియ్య, పని ఆపకుండానే.

ఆసామి గుంతలోకి తొంగి చూశాడు. సాయంత్రానికి, గుంతలో దింపడానికి ట్రాక్టరులో సిమెంటు వరలు పంపించాడు.

మళ్ళీ పనిలోకి వచ్చిన రోజు, తనతో చేపలు ఏరే సుబ్బాయమ్మ సూరమ్మని పక్కకి పిలిచింది. "నాకూ ఆ మంటే వదినా. నీ దగ్గర బిళ్ళలేమైనా మిగిలాయా?"

"మిగిలినా ఇవ్వను," అంది సూరమ్మ, ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుని. "రేపు ఏలూరు పోదాం. నీతో నేనొస్తా."