తలుపువైపు తిరిగిన జోళ్ళు

ఆదివారం మధ్యాహ్నం రెండు దాటాక, రేవు ఒడ్డున ఉన్న కాఫీ అంగడి మేడమీద, మా అక్క పేరు పలికేవారు. నేను అందుకే వెళ్ళేదాన్ని.

ఆ సంగతి వాళ్ళకు తెలియదు. పెళ్ళితో నా ఇంటిపేరు మారింది. ఊరు విడిచి మళ్ళీ వచ్చేసరికి ముఖమూ మారింది. పాత హత్యల చిక్కుముడి విప్పాలని పట్టుదలగా కూర్చునే ఆ ముగ్గురికి నేను సెగావా ఫుమీయెను. ఆసక్తి కొద్దీ వచ్చి, మూల కుర్చీలో ఒదిగి, మాట్లాడకుండా వినిపోయే నడివయసు మనిషిని. చిజురు చెల్లెల్ని కాను.

ఇంట్లో ఆ పేరు ఎన్నడూ వినబడలేదు. అమ్మ ఉన్నన్నాళ్ళు అక్క పటం ముందు అన్నం గిన్నె పెట్టేది గాని పేరెత్తేది కాదు. నాన్న పటం వైపే చూసేవాడు కాదు. ఇద్దరూ పోయారు. ఇక ఈ నేలమీద వారానికొకసారి, చల్లారిన కాఫీ కప్పుల మీదుగా, చిజురు అని మూడు గొంతులు పలికే చోటు అదొక్కటే మిగిలింది. దాహం వేసినవాడికి నీళ్ళు ఎవరి బావివో అక్కరలేదు.

ముప్ఫై ఏళ్ళ కిందట, వరసగా మూడు శరత్తులలో, మా కనాహమలో ముగ్గురు ఆడవాళ్ళు తమ ఇళ్ళలోనే హత్యకు గురయ్యారు. హంతకుడు దొరకలేదు. కేసు నడపడానికి చట్టం పెట్టిన గడువు తీరిపోయింది. పోలీసులు కాగితాలు కట్టగట్టి అటకెక్కించారు. మూడో మనిషి మా అక్క. అప్పటికి దానికి ఇరవై, నాకు తొమ్మిది.

కురామోతో గారు రైల్వేలో సిగ్నళ్ళు చూసి రిటైరైన మనిషి. ఎర్రదీపానికీ పచ్చదీపానికీ అర్థమున్నట్టే లోకంలో ప్రతి వస్తువుకూ అర్థముంటుందని ఆయన నమ్మకం. గోడమీద మూడు ఇళ్ళ వాకిళ్ళ బొమ్మలు అంటించి, కళ్ళద్దాలు తుడుచుకుని, ఆ రోజు కూడా మొదలుపెట్టారు.

"మూడిళ్ళలోనూ పోయినావిడ జోళ్ళు మొనలు తలుపువైపు తిరిగి ఉన్నాయి."

"మా ఇంట్లోనూ అలాగే ఉంటాయండీ, నన్నింకా ఎవరూ చంపలేదు," అన్నాడు క్షౌరశాల నడిపే ఒత్సుబో.

"నీ నోటికి చంపాలనే అనిపిస్తుందిలే నాయనా. తరవాత జోళ్ళు సర్దేంత ఓపికే ఎవరికీ మిగలదు," అంది మందుల కొట్టు నోగామి పిన్ని; ఊరందరికీ ఆవిడ పిన్నే.

కురామోతో గారు నవ్వలేదు. "మొదటి రెండూ వదిలేయండి. వాళ్ళే తిప్పుకుని ఉండొచ్చు, లోపలికి వస్తూ జోళ్ళు తలుపువైపు తిప్పిపెట్టడం మనందరి అలవాటేగా. మూడోదే కీలకం. చిజురు జన్మలో జోళ్ళు తిప్పి ఎరగదు. తల్లే పోలీసులకు చెప్పింది, పత్రికలో కూడా పడింది. ఎన్ని తిట్టినా ఎక్కడివక్కడ విసిరేసి లోపలికి పోయేదట. మరి ఆ రోజు తిప్పిందెవరు?"

అక్క గురించి అమ్మ లోకానికి చెప్పిన మాట అదొక్కటే. అది విన్న ప్రతిసారీ నాకు ఆ తిట్టు వినబడేది, ఆ తిట్టు వెనక పరుగెత్తే పాదాల చప్పుడు వినబడేది.

"వాడే," అన్నారాయన. "ఇక వెళ్ళిరా అని ప్రాణానికి దారి చూపాడు. అది వాడి సంతకం. అంత తీరుగా జోళ్ళు తిప్పే చెయ్యి ఎలాంటి చెయ్యి? వేడినీటి బుగ్గల దగ్గరి సత్రంలో, వచ్చేపోయేవాళ్ళ జోళ్ళు పాతికేళ్ళు సర్దిన చెయ్యి."

పేరు చెప్పలేదు. చెప్పనక్కరలేదు. సత్రం వాకిట జోళ్ళు సర్ది ముసలివాడైనవాడు మా ఊళ్ళో హిరోబె తాత ఒక్కడే.

"మొన్ననే నా దగ్గర గడ్డం గీయించుకున్నాడండీ," అన్నాడు ఒత్సుబో. "మెడమీద కత్తి ఆనిస్తే నాకన్నా ఆయనే నిమ్మళంగా ఉన్నాడు."

"అదేగా అనుమానం," అంది పిన్ని.

"వ్యాసం పూర్తయింది. రేపటి టపాలో వారపత్రికకు పంపుతున్నా. పేరు రాయలేదు, వృత్తి రాశాను." కురామోతో గారు కవరు మీద అరచెయ్యి ఆనించారు.

వృత్తి చాలు. పత్రిక వచ్చిన రోజే ఊరంతా ఆ ముసలివాడి వాకిట నిలబడుతుంది.

నా ఎదుట రెండే దారులు ఉన్నాయి. నోరు మూసుకుంటే వచ్చే ఆదివారం ఉంటుంది, ఆపై ఆదివారం ఉంటుంది, చిజురు అన్న పేరు గాలిలో తిరుగుతూనే ఉంటుంది. నోరు విప్పితే గోడమీది బొమ్మ రాలుతుంది, బొమ్మతో పాటు ఈ గది రాలుతుంది. అక్క రెండోసారి పోతుంది. కిటికీ అవతల సముద్రం వచ్చి వచ్చి వెనక్కు పోతూ ఉంది. నేను కవరును చూశాను. దానిమీద చిరునామా ఎంతో పొందికగా రాసి ఉంది.

"ఆ జోళ్ళు తిప్పింది నేను," అన్నాను.

"ఏ జోళ్ళు?" అంది పిన్ని.

"చిజురువి. మా అక్కవి."

ఒత్సుబో చేతిలోని కప్పు బల్లమీద పెట్టేశాడు.

"బడి నుంచి వచ్చాను. తెల్ల గుడ్డబూట్లు, ఒకటి బోర్లా పడి ఉంది. రోజూ నేనే తిప్పేదాన్ని, అమ్మ చూసి దాన్ని తిట్టకుండా. అమ్మ వచ్చేలోగా అక్క ఒకటి మళ్ళీ అడ్డంగా తన్నేది, నవ్వేది. ఆ రోజు తన్నలేదు."

కురామోతో గారు మెల్లగా కూర్చున్నారు. సిగ్నలు చూసే మనిషి గొంతుతో అడిగారు. "పక్కన ఇంకేమైనా ఉన్నాయా?"

"ఉన్నాయి. మగవాళ్ళ రబ్బరు బూట్లు. తడిగా, బరువుగా. చేప పొలుసులు అంటుకున్నాయి. రెండు చేతులా ఎత్తి వాటినీ తిప్పాను." నా గొంతు నాకే దూరంగా వినిపించింది. "ఇంటికొచ్చినవాళ్ళ జోళ్ళు తిప్పిపెడితే వెళ్ళేటప్పుడు వాళ్ళకి సులువని అమ్మ నేర్పింది. వచ్చానే అని కేకేశాను. జవాబు లేదు. నిద్రపోతోందనుకుని, సంచీ అక్కడే పెట్టి లెక్కల క్లాసుకు పోయాను."

"పోలీసులకు చెప్పలేదా అమ్మా?"

"తొమ్మిదేళ్ళ పిల్లనని ఎవరూ అడగలేదండీ. అడిగినా చెప్పేదాన్ని కాదేమో. వాడికి దారి సులువు చేసింది నేనే కదా."

"రబ్బరు బూట్లు," అన్నాడు ఒత్సుబో, ఈసారి వేళాకోళం లేకుండా. "రేవులో సగం ఊరు అవే తొడుగుతుంది."

పిన్ని వచ్చి నా వీపుమీద చెయ్యి వేసింది. "ఇన్నాళ్ళూ మా పిచ్చి వాగుడంతా వింటూ కూర్చున్నావా తల్లీ," అంది. కురామోతో గారు లేచి మూడో బొమ్మను గోడ నుంచి ఊడదీశారు. అతికిన చోట సున్నం కొంచెం రాలింది. వ్యాసమున్న కవరును నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకున్నారు. వచ్చే ఆదివారం అన్న మాట ఎవరూ అనలేదు.

ఏడు రోజులు గడిచాయి. ఎవరూ రారని తెలిసీ వెళ్ళాను. మెట్లెక్కేసరికి కురామోతో గారు ఒక్కరే, ఖాళీ బల్ల ముందు, టోపీ ఒళ్ళో పెట్టుకుని ఉన్నారు.

"మీరు రారనుకున్నాను," అన్నారు.

"మరి మీరెందుకు వచ్చారు?"

"పదకొండేళ్ళ అలవాటు. కాళ్ళు తీసుకొచ్చాయి. మాట్లాడుకోవడానికి ఇంకేం లేదు కదమ్మా."

ఆయన ఎదుట కూర్చున్నాను. సిగ్గుపడుతూనే అడిగాను. "మా అక్క గురించి నన్నేదైనా అడగండి."

ఆయన బొమ్మ ఊడిన గోడవైపు చూశారు. "పరీక్ష చేసిన డాక్టరు రాసిందంతా నాకు కంఠస్థం. ఎత్తు ఎంతో తెలుసు, చివరి గంట తెలుసు. అవి కాక ఏం అడగాలో నాకు తెలియడం లేదు." టోపీని ఒకసారి తిప్పారు. "ఏం తినేది? ఇష్టంగా?"

"అడుగంటిన అన్నం. మాడితే ఇంకా ఇష్టం. ఉప్పు చల్లుకుని, నాకు పెట్టకుండా, గిన్నె ఎత్తుకుని పారిపోయేది."

"చిజురా?" అన్నారాయన, ఆ పేరును మొదటిసారి వింటున్నట్టు. "ఇంకా?"

ఇంకా ఎంతో లేదు. తొమ్మిదేళ్ళ పిల్లకు అందినంత అక్కే నా దగ్గర ఉంది. అది ఎక్కడ అయిపోతుందోనని, ఒక్కొక్క మాటకూ ఆగుతూ, మెల్లగా చెప్పాను.