కర్ర పడాలి

అప్పలసూరి ఎవర్నీ మెచ్చుకోడు. ఆటోనగర్‌లో ఇది అందరికీ తెలిసిన సంగతే. పక్క షాపు వీరన్న ఓసారి తాను చేసిన ఇనప గేటు చూపించి "ఎలాగుంది బావా?" అని అడిగితే, "తుప్పు పట్టనీ, అప్పుడు బాగుంటాది" అన్నాడు. భార్య చిట్టమ్మ పోయినప్పుడు పలకరించడానికి వచ్చినవాళ్లలో కొందరు "కాలమే మరిపిస్తుందిలే" అన్నారు. ఆ మాట అన్నవాళ్ల గడప అతను మళ్లీ తొక్కలేదు. వాళ్లలో సొంత తమ్ముడూ ఉన్నాడు.

అలాంటివాడు లోకంలో ఒక్క మనిషిని మెచ్చుకున్నాడు. అతని పేరు కామరాజు. గుర్రాల చేత కంచెలు దూకించే మనిషి.

చిట్టమ్మ పోయిన మరుసటేడు, తొంభై రెండులో, సముద్రం ఒడ్డున సరుగుడు తోటల వెనక గుర్రపు స్వారీ క్లబ్బు ఒకటి పెట్టారు. కంచెలకి ఇనప పని ఉందంటే అప్పలసూరి వెళ్లాడు. అతను వెళ్లేసరికి ఓ గుర్రం పరుగెత్తుకొచ్చి కంచె ముందు కాళ్లు తన్నిపెట్టి ఆగిపోయింది. దాని మీద మనిషి మాత్రం ఆగలేదు. మెడ మీంచి ఎగిరి కంచె అవతల ఇసకలో పడ్డాడు. చూస్తున్నవాళ్లంతా నవ్వారు. ఆ పడ్డవాడు లేచి, మూతికి అంటిన ఇసకైనా తుడుచుకోకుండా, ముందు గుర్రం కాళ్లు తడిమి చూశాడు. మళ్లీ ఎక్కాడు. అదే కంచె దూకించాడు. తర్వాత దిగి అప్పలసూరి దగ్గరకొచ్చి, "ఆ స్తంభంలో మేకు పైకి లేచిందయ్యా, గుర్రానికి గీసుకుంటది, కొట్టెయ్" అన్నాడు.

పడ్డవాడు ఏడవలేదు. గుర్రాన్ని తిట్టలేదు. నవ్వినవాళ్ల వైపు చూడలేదు. అప్పలసూరికి అది నచ్చింది. నచ్చిందని ఎవరికీ చెప్పలేదు.

కామరాజుది గోదావరి వైపు. సైన్యంలో గుర్రాల మధ్య పెరిగి, బయటికొచ్చి స్టీల్‌ప్లాంటులో సెక్యూరిటీ ఉద్యోగంలో చేరాడు. డ్యూటీ దిగగానే గాజువాక నుంచి బస్సెక్కి క్లబ్బుకి వచ్చేవాడు. హైదరాబాదు వెళ్లి గెలిచాడు, కలకత్తా వెళ్లి ఓడాడు, బెంగుళూరు వెళ్లి భుజం ఎముక విరగ్గొట్టుకొచ్చాడు. విరిగిన చెయ్యి మెడకి కట్టుకుని ఉండగానే కుర్రాళ్లకి స్వారీ నేర్పాడు. అతని తోటివాళ్లు ఒక్కొక్కరే పొట్టలు పెంచి, గుర్రం దిగి, పందెం నిర్ణయించే కుర్చీలెక్కారు. కామరాజు గుర్రమే ఎక్కుతూ వచ్చాడు. ఆ ఏళ్లన్నీ అప్పలసూరి చూశాడు. కంచెలు బిగించే పనుందని వచ్చేవాడు. పని అయిపోయినా పోయేవాడు కాదు.

రెండువేల అయిదు నాటికి కామరాజుకి అరవై దగ్గర పడ్డాయి. ఉద్యోగం అయిపోయింది. అతను ఎక్కే గుర్రం విభూది, బూడిదరంగు ఆడగుర్రం. కంచెలన్నీ గాలిలా దాటేసి, వరసగా రెండు పోటీల్లోనూ చివరి కంచె మీది కర్ర పడేసింది. కర్ర పడితే నాలుగు తప్పులు రాస్తారు. గెలుపు మాట మరిచిపోవాల్సిందే.

క్లబ్బు సెక్రటరీ ఉమాశంకర్‌ది మెత్తటి గొంతు, లావుపాటి ఒళ్లు. పోటీకి వారం ముందు కామరాజుని పిలిచాడు. అప్పలసూరి పక్కనే స్తంభాలు బిగిస్తున్నాడు.

"ఏమనుకోకండి కామరాజు గారూ. ఈసారి కూడా కర్ర పడితే విభూదిని నాగవంశీకి ఇచ్చేద్దాం. దానికింకా దమ్ముంది."

"దానికి దమ్ముంది, నాకు లేదంటారు."

"అబ్బెబ్బే, అలా అన్నానా?"

"అన్నారు. బాగానే అన్నారు. పడితే ఇచ్చేద్దాం. పడకపోతే మాత్రం తమరు ఒక్కసారి దాని మీద ఎక్కాలి. దానికీ తెలియాలి కదా దమ్మంటే ఏంటో."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. కామరాజూ నవ్వాడు. అప్పలసూరి నవ్వలేదు. నాగవంశీ మంచి కుర్రాడే, కామరాజు దగ్గర నేర్చుకున్నవాడే. అయినా విభూది మీద ఇంకొకడు కూర్చోవడం అప్పలసూరి ఊహించలేకపోయాడు. అతనికి ఆ ఆడగుర్రమూ ఆ మనిషీ ఒకటే. ఒకటైనవాటిని విడదీస్తే ఎలా ఉంటుందో అతనికి ఒకరు చెప్పక్కర్లేదు.

కంచె అంటే రెండు స్తంభాలు, మధ్యలో అడ్డంగా కర్రలు. కర్ర కొసలు ఆనడానికి స్తంభాలకి చిన్న ఇనప దొప్పలుంటాయి. క్లబ్బులో వాటిని కప్పులంటారు. కప్పు లోతు తక్కువగా ఉంటుంది. గుర్రం కాలు తగిలితే కర్ర పొర్లి కింద పడాలి. ఆ కప్పులు చేసేది అప్పలసూరే.

ఆ వారం అతను షాపులో ఇంకో జత చేశాడు. లోతుగా, కర్రని సగం మింగేసేలా. రంగు వేస్తే బయటికి తేడా తెలియలేదు. పోటీ రోజు పొద్దున్నే, స్వారీ చేసేవాళ్లెవరూ రాకముందే, చివరి కంచెకి వాటిని బిగించాడు. తప్పు చేస్తున్నానని అతనికి అనిపించలేదు. చెక్కుచెదరని పని చేశానని అనుకున్నాడు.

పోటీ మొదలయ్యే ముందు అందరూ ఒకసారి కంచెల మధ్య నడిచి దారి చూసుకుంటారు. ముట్టుకోకూడదు, చూడొచ్చు. మిగతావాళ్లు బూట్లతో నడుస్తారు. కామరాజు బూట్లు విప్పి చేత్తో పట్టుకుని, వట్టికాళ్లతో నడుస్తాడు. నేల ఎక్కడ మెత్తనో ఎక్కడ గట్టో పాదాలకి తెలియాలంటాడు.

"మేస్టారూ, గుడికెళ్తన్నారేటి?" అన్నాడు నాగవంశీ.

"గుళ్లో జారితే బొప్పి కడుద్ది. ఇక్కడ జారితే మెడ విరుగుద్ది. చెప్పులు ఎక్కడ విప్పాలో నువ్వే చెప్పరా."

నాగవంశీ చుట్టూ చూసి, గబగబా తన బూట్లు కూడా విప్పేశాడు.

చివరి కంచె దగ్గర కామరాజు ఆగాడు. చాలాసేపు ఆగాడు. మిగతావాళ్లు ముందుకెళ్లిపోయారు. అతను తల తిప్పకుండానే పిలిచాడు.

"సూరీ."

"ఏటి బావా."

"సముద్రం మీంచి ఇంత గాలి వీస్తోంది. అన్ని కంచెల మీదా కర్రలు కొంచెం కొంచెం ఊగుతున్నాయి. ఇది మాత్రం పెళ్లిపందిట్లో వియ్యంకుడిలా బిగుసుకు కూచుంది. ఏంటి కథ?"

అప్పలసూరి అబద్ధం ఆడడు. ఆడితే ఎదుటివాడికి భయపడ్డట్టని అతని లెక్క.

"కప్పులు మార్సినాను."

"ఎందుకు?"

"విభూదిని ఆ కుర్రోడు తోలుకుపోతంటే నాను సూడలేను బావా. ఈ కర్ర పడదు. నీకే కాదు, ఎవుళికీ పడదు. నీ ఒక్కడికి సేసింది కాదు గదేటి."

కామరాజు కోప్పడలేదు. కోప్పడితే బాగుండుననిపించింది అప్పలసూరికి.

"కర్రని తాడేసి కట్టెయ్యకుండా ఉత్తినే ఎందుకు పెడతారు? పడటానికి. కర్ర పడకపోతే గుర్రం పడుద్ది. గుర్రం పడితే దాని కింద నేనుంటాను. లేదా నాగవంశీ ఉంటాడు."

"అంత గట్టిగా తగల్దు బావా. విభూది ఎనక కాలు రాసుకుంటాదంతే."

"నీతో చెప్పిందా?"

అప్పలసూరి కర్ర కొస పట్టుకుని కదిపి చూశాడు.

"ఇన్నేళ్లూ నేను పడగొట్టిన కర్రలన్నీ పోగేస్తే నీ షాపుకి పందిరి వెయ్యొచ్చు. అవి పడ్డాయి కాబట్టే ఇంకా ఇలా నిలబడున్నాను. నువ్వు చూసినవి నేను గెలిచినవేనా? మార్చెయ్. మార్చాక సెక్రటరీకి నువ్వే చెప్పు. నేను చెప్పను."

అప్పలసూరి పాత కప్పులు బిగించాడు. తిన్నగా ఉమాశంకర్ దగ్గరకెళ్లి చెప్పాడు. ఆ మెత్తటి గొంతు ఎంత పైకి లేవగలదో క్లబ్బుకి ఆ రోజే తెలిసింది.

"ఇంకెప్పుడూ ఈ గేటు లోపల అడుగు పెట్టకు!"

"అడుగెట్టను. ఇయ్యాల సూసీసి ఎల్తాను."

నాగవంశీ ఇంకో గుర్రం మీద వచ్చి, మధ్యలో ఒక కర్ర పడగొట్టి వెళ్లాడు. ఇంకెవరెవరో వచ్చి వెళ్లారు. అందరి కంటే ఆఖర్న కామరాజు విభూది మీద నెమ్మదిగా లోపలికి వచ్చాడు. న్యాయనిర్ణేతలకి తల వంచి దండం పెట్టాడు. గంట మోగింది.

అప్పలసూరి గేటు పక్కన నిలబడ్డాడు. ఆ స్వారీ అతనికి కొత్త కాదు. అయినా ఆ రోజు కొత్తగా చూశాడు. నడుం కదలదు, చేతులు మాత్రం గుర్రం మెడతో పాటు ముందుకి సాగుతాయి, దిగగానే కళ్లు అప్పుడే తర్వాతి కంచె మీదుంటాయి. కళ్లెం లాగినట్టు కనపడడు, గుర్రం మాత్రం తిరుగుతుంది. తొందర లేదు. ఎక్కడా ఒక్క అడుగు వృథా లేదు. కుర్రాళ్లు బలంతో చేసేది అతను ముందుచూపుతో చేస్తున్నాడు. ఒక్క కర్ర కదల్లేదు. కుర్చీల్లో పొట్టలవాళ్లు ముందుకి వంగారు.

చివరి కంచె.

విభూది లెక్క తప్పింది. మరీ దగ్గరకి వచ్చేసి ఆలస్యంగా లేచింది. ముందు మోకాళ్లు రెండూ వెళ్లి కర్రకి ఠకీమని తగిలాయి. కర్ర కప్పుల్లోంచి ఎగిరి అంతదూరాన పడింది. గుర్రం ముక్కు ఇసకకి తాకేంత వంగి, రెండడుగులు తడబడి, నిలదొక్కుకుంది. కామరాజు దాని మెడ వదిలేసి, లేవడానికి చోటిచ్చి, జీను మీద అలాగే ఉన్నాడు. గీత దాటాడు.

జనం "అయ్యో" అన్నారు. అప్పలసూరి అనలేదు. ఆ కర్ర పడకపోతే ఏమయ్యేదో అతని కళ్లకి కట్టింది. గుర్రం తలకిందులు కావడం, దాని కింద ఆ మనిషి. చేసినవాడు వేరే ఎవడైనా అయితే జన్మలో క్షమించేవాడు కాదు. తనకి మాత్రం ఎందుకు మినహాయింపు?

కామరాజు దిగి, విభూది మోకాళ్లు తడిమి చూశాడు. కళ్లెం తీసుకెళ్లి నాగవంశీ చేతిలో పెట్టాడు.

"చివర్లో తొందరపడుద్ది. నువ్వు తొందరపడకు."

కుర్రాడు తీసుకోవడానికి తటపటాయించాడు. "మేస్టారూ, ఇప్పుడే ఎందుకండీ..."

"మాటంటే మాటే. పట్టుకో."

తర్వాత అప్పలసూరి దగ్గరకొచ్చాడు. మొహం గెలిచినవాడి మొహంలా ఉంది.

"చూశావా, ఎంత శుభ్రంగా పడిందో! ఎవడు చేశాడయ్యా ఆ కప్పులు?"

"నానే."

"మంచి పనోడివి. రేపట్నుంచి ఆ కొత్త నల్లగుర్రాన్ని పట్టుకుంటున్నాను. ఎవర్నీ వీపు మీద నిలవనివ్వట్లేదంట."

"నీకెన్నేళ్లు బావా?"

"దానికి చెప్పకు."

సాయంత్రం షాపులో అప్పలసూరి లోతు కప్పుల్ని సుత్తితో అణగ్గొడుతుంటే వీరన్న తొంగి చూశాడు.

"అదేటి బావా, బాగానే ఉన్నాయి కదా?"

"ఉన్నాయి. మనిషిని సంపీసేటంత బాగున్నాయి," అని ఇంకా గట్టిగా కొట్టాడు.

మర్నాడు పొద్దున్నే క్లబ్బుకి వెళ్లాడు. అడుగు పెట్టనన్నాడు కాబట్టి పెట్టలేదు. బయట సరుగుడు చెట్ల కింద నిలబడ్డాడు. నల్లగుర్రం గిర్రున తిరిగి కామరాజుని ఇసకలోకి విసిరేసింది. అతను లేచాడు. ముందు దాని కాళ్లు తడిమి చూశాడు.

"బాగుంది బావా!" అని అరిచాడు అప్పలసూరి. ఆ మాట అతని నోట్లోంచి రావడం అతనికే వింతగా వినపడింది.

"ఏడిశావ్! ఇక్కడ నడుం విరిగింది," అంటూనే కామరాజు రికాబులో కాలు పెట్టాడు.