బొట్టు పెట్టిన సీడీ

నేను ఒక సీడీని. మధ్యలో చిల్లు, ఒక వైపు బొమ్మ, రెండో వైపు అద్దంలాంటి మెరుపు. నా కడుపులో ఉన్నది ఒకే ఒక్క ఆట. చెట్టు మీంచి పండ్లు రాలుతుంటే మౌస్‌తో బుట్టను అటూ ఇటూ జరిపి పట్టుకోవాలి. అంతకు మించి నాకేమీ రాదు. వచ్చినదాన్ని మాత్రం అంత తేలిగ్గా వదిలే రకాన్ని కాదు.

తెనాలిలో సత్యవేణి నడిపే డీటీపీ సెంటరుకు కంప్యూటరుతో పాటు వచ్చాను. శుభలేఖల పని మధ్య కాస్త తీరిక దొరికితే ఆవిడ నన్ను పెట్టుకునేది. అక్కడ టైపు చేసే నజీమా వెనక నిలబడి "ఎడమకక్కా, ఎడమకి" అని ప్రాణం తీసేది. ఓ ఆయుధపూజ నాడు సత్యవేణి కంప్యూటరుకూ ప్రింటరుకూ గంధం, కుంకుమ పెట్టి, నన్నూ వదల్లేదు. మెరిసే వైపే నా ముఖమనుకుంది. నా చదువంతా ఆ వైపే ఉంటుందని ఆవిడకేం తెలుసు. ఆ ఏడే సెంటరు మూసేశారు. నేను బొట్టుతో సహా సొరుగులోకి చేరాను.

ఏళ్లు గడిచాక సత్యవేణికి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. కదిలిస్తూ ఉంటేనే తిరిగి వస్తుందన్నాడు డాక్టరు. నొక్కుతూ ఉండమని మెత్తని బంతి ఇస్తే ఆవిడ విసిరికొట్టింది, అదీ ఎడమచేత్తో. ఇప్పుడు సొంతంగా జిరాక్సు షాపు పెట్టుకున్న నజీమా చూడటానికి వచ్చి, సొరుగంతా వెతికి నన్ను బయటికి తీసింది.

"బంతి వొద్దులే అక్కా. మన పండ్లాట ఆడు. చెయ్యి అదే కదులుద్ది."

నజీమా కొత్త ల్యాప్‌టాప్‌కి నన్ను మింగే నోరే లేదు. విడిగా ఒక డ్రైవు తెచ్చి తగిలించింది. అది నన్ను గిరగిరా తిప్పి, లోపల ఏమీ లేదని తేల్చేసింది. నాకు తల కొట్టేసినట్టయింది. నజీమా నన్ను తిరగేసి చూసింది.

"ఈ బొట్టెవరు పెట్టారక్కా?"

"నేనే. మంచిదని పెట్టా."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఎండిన గంధాన్ని తడిబట్టతో మధ్య నుంచి అంచుకు మెల్లగా తుడిచాక డ్రైవుకు నేను కనిపించాను. అయినా ఈ ప్రోగ్రాం ఇక్కడ నడవదని కంప్యూటరు మొండికేసింది. నజీమా దానికంటే మొండిది. సెట్టింగులు మార్చింది, కుదరలేదు. చివరికి కొత్త కంప్యూటరు లోపలే పాత కంప్యూటరులా నటించే ప్రోగ్రాం ఒకటి తెచ్చి పెట్టింది. ఆట తెరుచుకుంది.

తెరుచుకుందన్న సంబరం ఎంతోసేపు లేదు. కొత్త యంత్రానికి తొందరెక్కువ. చెట్టు కనిపించేలోపే పండ్లన్నీ నేలపాలయ్యాయి. సత్యవేణి మౌస్ మీది చేతిని రెండో చేత్తో వెనక్కి లాక్కుంది.

"నా వల్ల కాదే. తీసెయ్."

నాకు భయమేసింది. ఇప్పుడు వదిలేస్తే ఆవిడ ఇంక ఆ చేతి జోలికే పోదు.

"తప్పు నీ చేతిది కాదక్కా, దీని తొందరది. కాస్తాగు" అని నజీమా వేగం తగ్గించుకుంటూ పోయింది. ఒక్కో పండూ ఆలోచించుకుని రాలే దాకా తగ్గించి, ఆ చేతిని మళ్లీ మౌస్ మీద పెట్టింది. పండ్లు వరసగా నేల మీద పడ్డాయి. బుట్ట కదల్లేదు. తర్వాత వేలెడంత జరిగింది. ఇంకా తర్వాత ఒక జామపండు అందులో పడింది. నజీమా కొంగుతో కళ్లు తుడుచుకుంది.

అప్పటి నుంచి రోజూ అదే పని. కొన్నాళ్లకు ఒక సాయంత్రం సత్యవేణి విసుక్కుంది.

"కాస్త స్పీడు పెంచవే. నిద్రొస్తంది."

ఆటను ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించేశారు కాబట్టి ఇప్పుడు నాతో పని లేదు. పావురాలను తోలడానికి నన్ను బాల్కనీలో వేలాడదీశారు. అవి నన్ను పెద్దగా లెక్కచేయడం లేదు. నన్ను కట్టింది సత్యవేణే. ఎడమచేత్తో దారం పట్టుకుని, కుడిచేతి వేళ్లతో ముడి వేసింది. అది జారిపోతుంటే నజీమా సాయం రాబోయింది. "నువ్వుండవే" అని మళ్లీ వేసింది.

ముడి వదులుగానే ఉంది. నిన్నటి గాలివానకు కూడా ఊడలేదు.