ఎయిర్ పట్టిన జీపు

నేను ఒక రాగి వాషర్‌ను. రాగిరేకులోంచి అచ్చు కొట్టి తీశారు నన్ను. బొటనవేలి గోరంత ఉంటాను. ఇప్పుడు పాతసామాను గుట్టలో ఉన్నా, ఒకప్పుడు డీజిల్ గొట్టాన్ని ఫిల్టరుకు బిగించే బోల్టు కింద నా చోటు. డీజిల్ బయటికి కారకూడదు, గాలి లోపలికి పోకూడదు. నాకప్పగించిన పని అంతే. ఆ పని చెడితే తప్ప మనుషులు నా ముఖం చూడరు.

మొదట ఒక ట్రాక్టరులో ఉండేదాన్ని. అది మూలపడ్డాక సింహాద్రి నన్ను విప్పి తన పాత జీపుకు బిగించాడు. మన్యంలో సంతలకు జనాన్ని చేరవేసే జీపు అది. నేను గట్టిపడి కారినప్పుడల్లా అతను నన్ను బొగ్గుల మీద ఎర్రగా కాల్చి నీళ్లలో వేసేవాడు. మెత్తబడి మళ్లీ అతుక్కునేదాన్ని. చివరికి నాలో మందం మిగల్లేదు. అప్పట్నుంచి సబ్బు రుద్ది, నూలుదారం చుట్టి నడిపాడు.

ఒక ముసురు రోజు పొద్దున్నే రస్మో తన మొగుడు దొంబును ఆ జీపెక్కించింది. జ్వరం నెత్తికెక్కి అతనికి స్పృహ లేదు. వెనక సీట్లో దొంబు తల్లి కొడుకు తలను ఒళ్లో పెట్టుకుంది. ఆసుపత్రి కొండ అవతల. సగం ఎక్కేసరికి సబ్బు కరిగింది, నా అంచునుంచి గాలి దూరింది, ఇంజను ఆగింది. దీన్నే ఎయిర్ పట్టిందంటారు డ్రైవర్లు. సింహాద్రి పంపు కొట్టి గాలి తీశాడు. మలుపు దాటగానే మళ్లీ ఆగింది.

అతను బానెట్ ఊడదీసి రోడ్డు పక్కన పడేశాడు. ట్యాంకు గొట్టం తప్పించి, డీజిల్ డబ్బాలోంచి ఫిల్టరుకు రబ్బరు గొట్టం కలిపాడు. డబ్బా ఎత్తులో ఉంటే డీజిల్ దానంతటది దిగుతుంది, గాలి దూరదు. కానీ దాన్నెవరో ఒకరు పట్టుకోవాలి.

"నానట్టుకుంతాను," అంది రస్మో.

మడ్‌గార్డు మీద కూర్చుని డబ్బాను భుజానికెత్తుకుంది. జీపు కదిలింది. ఇప్పుడు నా అంచున డీజిలే బయటికి కారి, ఆమె పాదాల మీద పడుతోంది.

కొండ కొస చేరకముందే ముసలామె సింహాద్రి భుజం తట్టింది. అతను తిరిగి చూశాడు. దొంబు ఊపిరి ఆగిపోయింది. ముసలామె గొంతెత్తబోతే సింహాద్రి చెయ్యడ్డం పెట్టాడు.

"ఇప్పుడేడవకమ్మా. ఆ పిల్ల డబ్బా వదిలేత్తాది. డాక్టరు చూసేదాకా ఏటీ అనుకోవద్దు."

ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది.

ఇంజను మోతలోంచి రస్మో కేకేసింది. "ఎలాగున్నాడన్నా?"

"పడుకున్నాడమ్మా. డబ్బా దించకు."

ఆమె దించలేదు.

ఆసుపత్రి ముందు డాక్టరు జీపు దగ్గరికే వచ్చి, నాడి చూసి, దొంబు కనురెప్పలు మూశాడు. రస్మో మొగుడి ముఖం చూసింది. తడిసి ముద్దయిన అత్త కొంగు చూసింది.

"ఎక్కడ పోయాడు?"

"కొండ మీదే," అన్నాడు సింహాద్రి.

శవాన్ని ఊరికి చేర్చడానికి మరో బండి దొరకలేదు. అత్త అప్పుడు గొంతు విప్పి ఏడ్చింది. రస్మో డబ్బాను ఊపి, ఎంత డీజిల్ మిగిలిందో చూసుకుని, మళ్లీ మడ్‌గార్డు ఎక్కింది.