పక్కచూపు

అద్దంకి దాటాక రోడ్డు ఖాళీ అయింది. పేరయ్య ఎడమచేత్తో గేరు మార్చి, తల మొత్తం ఎడమవైపుకు తిప్పి చూశాడు. తరువాత కుడివైపుకు తిప్పాడు. ఇదివరకు ఇంత తిప్పేవాడు కాదు, కళ్ళు కదిలితే సరిపోయేది. ఈమధ్య కళ్ళు చేయాల్సిన పని కూడా మెడే చేస్తోంది.

పొట్టి మనిషి, గట్టి మనిషి. సీటు మీద ఇంటి దిండు వేసుకుని కూర్చుంటాడు. కిటికీ మీద మోపి మోపి కుడి మోచెయ్యి ఎడమదానికన్నా నల్లబడింది. క్లచ్చి తొక్కిన ఎడమ మోకాలు అరిగిపోయి, బస్సు దిగితే కుంటుతాడు. సీట్లో కూర్చున్నంతసేపూ ఆ కుంటు ఎవరికీ తెలియదు. గుంటూరు నుంచి దర్శికి, దర్శి నుంచి గుంటూరుకు, ఈ రోడ్డు మీదే అతని జుట్టు తెల్లబడింది. ఇరుపక్కలా కల్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. గాలి మళ్ళినప్పుడల్లా ఘాటు లోపలికొచ్చి బస్సంతా తుమ్ముతోంది.

దర్శిలో బస్సు ఆపి, కండక్టరు రెబ్కాతో కలిసి టీ కొట్టుకు నడిచాడు. అక్కడ, సాయంత్రం గుంటూరుకు తమ వెనక బయల్దేరే సర్వీసు డ్రైవరు వీరాంజనేయులు అప్పటికే బెంచీ మీద కాళ్ళు చాపుకుని టీవీ చూస్తున్నాడు. ఇద్దరూ ఒకేసారి ఉద్యోగంలో చేరినవాళ్ళు. టీవీలో కోటు వేసుకున్న నలుగురు వాదించుకుంటున్నారు. విమానాలు నడిపే పైలట్లు అరవై అయిదేళ్ళకు దిగిపోవాలా, అరవై ఏడు దాకా ఉండనివ్వాలా అని.

ఆ మాట వినగానే కొట్టులో ఉన్న డ్రైవర్లకు ఊపొచ్చింది. తమకు రిటైర్మెంటు వయసు అరవై నుంచి అరవై రెండుకు పెంచినప్పటినుంచీ అదే తగువు వాళ్ళలో. కుర్చీలో కూర్చుని సంతకాలు పెట్టేవాడికీ, స్టీరింగు పట్టుకునేవాడికీ ఒకటే లెక్కేమిటని వీరాంజనేయులు వాదన. డ్రైవర్లను అరవైకే ఇంటికి పంపమని అడిగినవాళ్ళలో అతను ముందున్నాడు. పైలట్లకేం, ఆకాశంలో గేదెలు అడ్డం రావుగా అని అతనంటే అందరూ నవ్వారు.

పేరయ్య నవ్వలేదు.

"సత్తువున్నోణ్ణి వయసు చూసి దించేస్తే ఎట్లారా? చేతకానోడు ఎటూ దిగుతాడు. చేతనైనోణ్ణి కూడా మెడబట్టి గెంటాలా?"

"చేతనవుద్దో లేదో ఎవడు చెప్తాడ్రా? నువ్వు చెప్తావా?" అన్నాడు వీరాంజనేయులు. "వాళ్ళకైతే పక్కన ఇంకో పైలట్ ఉంటాడు. ఒకడికి తేడా చేస్తే రెండోవాడు దించుతాడు. మనకెవడున్నాడు?"

పేరయ్య టీ తాగాడు. కాస్త ఎడంగా నిలబడ్డ రెబ్కా గ్లాసులోకే చూస్తూ ఉండిపోయింది.

అరవై వచ్చినప్పుడు ఇల్లాలు నాంచారమ్మ అతన్ని ఒక్కటే అడిగింది. రూలు ఏదైనా కానీ, నువ్వు మానెయ్యమంది. "పెళ్ళయిన కాణ్ణుంచీ మజ్జానం పూట ఎదురూబొదురూ కూచుని తిన్నామా ఎప్పుడన్నా? నీ ముద్ద రోడ్డు మీద, నా ముద్ద గోడకెదురుగా." అతను నవ్వేసి, ఇంకో రెండేళ్ళేగా అన్నాడు. ఆమె మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఆ వానాకాలంలోనే, ఒక మధ్యాహ్నం, నల్లపాడులోని తమ ఇంట్లో కంచం ముందు కూర్చున్నది కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయింది. ఫోను వచ్చేసరికి పేరయ్య చిలకలూరిపేటలో ప్రయాణికుల్ని ఎక్కించుకుంటున్నాడు.

ఆ తరువాత అతనికి బస్సు తప్ప కూర్చోదగ్గ చోటు లేకుండా పోయింది. సెలవు రోజున ఇంట్లో ఏ గోడకు ఆనుకున్నా ఆమె ఎదురుగా కూర్చుని అన్నం తిన్న గోడే అనిపించేది. అందుకే, పోయిన దసరాకు ముందు గుంటూరులో కంటి డాక్టరు నీటికాసులని చెప్పినప్పుడు, పక్కచూపు పోతోందనీ పోయింది తిరిగి రాదనీ చెప్పినప్పుడు, పేరయ్య ఒక్కటే అడిగాడు: ఎదురుగా ఉన్నది కనపడుతుందిగా అని. కనపడుతుంది కానీ బస్సు నడపకూడదన్నాడు డాక్టరు. చుక్కల మందు సీసా జేబులో వేసుకుని వచ్చేశాడు. ఏటేటా జరిగే పరీక్షలో అక్షరాలు చదవమంటే గడగడా చదివాడు. మిగతాది తనంతట తను చెప్పలేదు.

దర్శి నుంచి మధ్యాహ్నం ఒకసారి అద్దంకి దాకా వెళ్ళొచ్చి, పొద్దు వాలుతుండగా గుంటూరుకు బయల్దేరారు. రోజూ చీకటిపడే వేళకు రెబ్కా టిక్కెట్లు ముగించి ముందుకొచ్చి, ఇంజను పక్కన కమ్మీ పట్టుకుని నిలబడేది. అలా నిలబడి ఏదో ఒకటి మాట్లాడేది. అదుగో బాబాయ్, ఎడమ పక్కన ఎవరో సైకిలాయన, పాపం లైటు కూడా లేదు. బాబాయ్, ఆ సందులోంచి ట్రాక్టరు వస్తోంది చూడు, ఎంత మిర్చి వేశారో. ఈ పిల్లకు నోరు ఊరుకోదు అనుకునేవాడు పేరయ్య. ఆ మాటలు లేకపోతే మాత్రం రోడ్డు బోసిగా ఉండేది.

ఆ సాయంత్రం పెళ్ళివారు ఎక్కారు. నడిచే దారంతా మూటలు, పిల్లలు. రెబ్కా వెనకెక్కడో ఇరుక్కుపోయింది.

అద్దంకి దాటి కొంతదూరం వచ్చాక, మిరపకాయలు కోసి వస్తున్న కూలీల ఆటో ఒకటి ఎడమ అంచున ఆగింది. ఆటోను పేరయ్య చూశాడు. దాని ముందునుంచి రోడ్డు మీదికి వచ్చిన మనిషిని చూడలేదు. వెనక సీట్లో ఎవరో కేకపెట్టారు. కాలు తనంతట తనే బ్రేకు మీదికి పోయింది. బస్సు ఒళ్ళంతా విరుచుకుని ఆగింది. చక్రం కింద ఏదో రేకు నలిగిన చప్పుడు.

పేరయ్య ఎలా దిగాడో అతనికే తెలియదు. బస్సు ముందు, తారు మీద, ఒక ముసలామె చతికిలబడి ఉంది. పేరు పున్నమ్మని పక్క కూలీలు పిలుస్తుంటే తెలిసింది. దెబ్బ తగల్లేదు. చేతిలోంచి జారిన అన్నం క్యారేజీ చక్రం కింద అప్పచ్చి అయింది. మిరప ఘాటుకు ఎర్రబడ్డ కళ్ళతో ఆమె ఆ రేకునే చూస్తోంది. నాంచారమ్మ ఈడుదే.

బస్సులోంచి దిగినవాళ్ళంతా ఆమెనే తిట్టడం మొదలుపెట్టారు. చూడకుండా అడ్డం వస్తే డ్రైవరేం చేస్తాడని, ఆయన కాబట్టి ఆపాడని, ఇంకొకడైతే పోయేదానివని. ఒకాయన పేరయ్య భుజం తట్టాడు కూడా. ఆమె అందరి మొహాలూ చూసి, చీర దులుపుకుంటూ, తప్పు నాదేలే నాయనా, పోనియ్యండి బస్సు అంది.

పేరయ్య ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు. అరిగిన మోకాలు కలుక్కుమంది.

"కాదమ్మా. నువ్వు చూసే దాటావు. నాకే కనపళ్ళా."

అప్పటికి జనాన్ని తోసుకుని రెబ్కా వచ్చింది. పున్నమ్మను లేపి మంచినీళ్ళు తాగించి, ఒళ్ళు తడిమి చూసి, తోటి కూలీలకు అప్పగించింది. తరువాత పేరయ్య దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది.

"పద బాబాయ్. గుంటూరు దాకా నేను ముందే నిలబడతా. మెల్లగా పోదాం."

పేరయ్య ఆమె మొహంలోకి చూశాడు. సైకిలాయన, ట్రాక్టరు, ఇన్ని నెలల సాయంత్రాల మాటలన్నీ ఒక్కసారిగా వరసలో నిలబడ్డాయి.

"రోజూ అందుకే నిలబడేదానివా అమ్మాయ్?"

రెబ్కా టిక్కెట్ల మిషను పట్టా భుజం మీద సర్దుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"చెప్తే నిన్ను దించేస్తారని భయమేసింది బాబాయ్," అంది చివరికి. "చెప్పకపోతే ఏమవుద్దోనని ఇంకా భయమేసేది."

అతను తలాడించాడు. ఫోను తీసి డిపోకు చేసి, తన కళ్ళ సంగతి తన నోటితోనే చెప్పాడు. ఎప్పటినుంచి అని అడిగితే అదీ దాచలేదు. దగ్గర డిపో నుంచి ఇంకో డ్రైవరు వచ్చేదాకా బస్సు దీపాలు వెలిగించి రోడ్డు పక్కనే నిలబడ్డాడు. ఈలోగా వీరాంజనేయులు బస్సు వచ్చి ఆగింది. సంగతి విన్నాక అతను గెలిచానని అనలేదు. ఒరేయ్ పేరిగా అని చెయ్యి పట్టుకుని, పెళ్ళివారిలో కొందరిని తన బస్సులో ఎక్కించుకుని వెళ్ళిపోయాడు.

గుంటూరు దాకా పేరయ్య మూడో వరసలో కిటికీ పక్కన కూర్చున్నాడు. ఆ బస్సులో ఆ సీట్లో అతను ఎన్నడూ కూర్చోలేదు. మలుపు వచ్చినప్పుడల్లా ఎడమకాలు ఉత్త నేలను తొక్కింది. బస్టాండులో అందరూ దిగాక దిగాడు. కుంటుకుంటూ, తల అటూ ఇటూ నిండా తిప్పి చూసుకుంటూ, నల్లపాడు ఆటోల వైపు వెళ్ళిపోయాడు. రేపెన్నింటికి బాబాయ్ అని అలవాటుగా నోటిదాకా వచ్చిన మాటను రెబ్కా మింగేసింది.

వచ్చిన డ్రైవరు పొడుగు మనిషి. ఎత్తు ఎక్కువై, దారిలోనే సీటు మీది పేరయ్య దిండు తీసి ఇంజను మూత మీద పడేశాడు. బూరుగుదూది దిండు. పాత నేతచీర ముక్కతో ఇంట్లో చేత్తో కుట్టిన గలేబు, అంచు దారం రెండుచోట్ల ఊడింది. బస్సు డిపోలోకి వెళ్ళి, ఇంజను ఆగి, దీపాలు ఆరిపోయాక కూడా అది అక్కడే ఉంది, నడిమధ్యన ఒక మనిషి కూర్చున్నంత గుంటతో.