కౌసల్య భుజం మీద మచ్చ

కాజీపల్లిలో ఒక మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పనిచేసే కౌసల్యకు నాలుగేళ్ల కింద ఆవిరి పైపు తగిలి భుజం కాలింది. పుండు నెలలో మానింది గానీ మచ్చ ఆగలేదు. ఉబ్బుకుంటూ, దురదపెడుతూ, కాలిన చోటు దాటి మెడవైపు పాకింది. కోసి తీయిస్తే ఏడాది తిరగకముందే ఇంకింత పెద్దదై లేచింది. పథ్యం తప్పావని అత్త ముత్యమ్మ అంది. గోకుతున్నావని తోటి ఆడవాళ్లన్నారు. విని విని కౌసల్య కూడా తప్పు తనదేననుకుని, మచ్చను కొంగుతో దాచుకునేది.

రెండోసారి ఆపరేషన్‌కు పోయినప్పుడు ఆతియా అనే పరిశోధన చేసే అమ్మాయి మంచం దగ్గరికొచ్చి, కోసిన ముక్క తనకిస్తారా అని అడిగింది. ఎట్లాగూ పారేసేదే కదా అని కౌసల్య సంతకం పెట్టింది. ఆ తర్వాత మచ్చ మళ్లీ లేవకుండా నెలనెలా సూదులకు వెళ్లినప్పుడల్లా ఆతియా కలిసి, జరుగుతున్నదంతా చెప్పేది.

ఆ ముక్కలోని కణాలను ఆతియా పటాన్‌చెరు ల్యాబులో చిన్న గిన్నెల్లో పెంచుతోంది. పక్కనే మామూలు చర్మం కణాలు. రెండింటికీ తిండి ఒకటే, గులాబీరంగు ద్రవం. రెండు రోజులకు మామూలు గిన్నె గులాబీగానే ఉంది, కౌసల్య గిన్నె పసుపుపచ్చగా మారింది. క్రిములు పడ్డాయి, పారబొయ్యమన్నారు పెద్దసారు త్రినాథరావు. ఆతియా పారబోయలేదు. పరీక్ష చేస్తే క్రిములు లేవని తేలింది. మళ్లీ పెంచింది, మళ్లీ పచ్చబడింది. రంజాన్ పండుగ రోజు కూడా ఇంట్లో షీర్‌ఖుర్మా తాగి, ల్యాబుకొచ్చి ద్రవం మార్చి వెళ్లింది. చివరికి కొలిచి చూపించింది. ఆ కణాలు చక్కెరను రెట్టింపు తింటున్నాయి. గాలి దండిగా ఉన్నా ఆ చక్కెరను పూర్తిగా వాడుకోక, సగంలోనే ఆమ్లంగా వదిలేస్తున్నాయి. ఆమ్లం పెరిగితే రంగు మారే ఆ ద్రవం పచ్చబడింది అందుకే. త్రినాథరావు ఫలితాలు రెండుసార్లు చూసి, పొరపాటు తనదేనని అందరిముందూ ఒప్పుకున్నారు.

ఒకరోజు షిఫ్టు అయ్యాక కౌసల్య షేర్ ఆటోలో ల్యాబుకు వెళ్లింది. ఆతియా మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టింది. సన్నగా, పొడుగ్గా, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఉన్న కణాలు తన ఒంటివేనంటే కౌసల్య ఇంకా ముందుకు వంగి చూసింది.

"నేను పథ్యం తప్పినందుకేనా బిడ్డా, గిట్లయింది?"

"కాదక్కా. నువ్వు ఏం తిన్నా, తినకున్నా ఇవి గిట్లనే చేస్తయి. తప్పు నీది కాదు."

ఇంకో గిన్నెలో చక్కెర వాడకాన్ని తగ్గించే మందు వేస్తే కణాలు సగమే పెరిగాయి. ఆ మందు తనకిస్తారా అని కౌసల్య ఆశగా అడిగింది. గిన్నెలో పనిచేసింది మనిషికి పనికొస్తుందో లేదో తెలియడానికి ఏళ్లు పడుతుందని, సూదులు మాత్రం మానొద్దని ఆతియా చెప్పింది. ఆశపెట్టి పంపడం ఎంత తేలికో కౌసల్యకు తెలుసు. ఆ పిల్ల అట్లా పంపనందుకే ఆమె మీద గౌరవం ఇంకా పెరిగింది.

కొన్నాళ్లకు మచ్చ అంచున కందిగింజంత మళ్లీ లేచింది. ఈసారి కౌసల్య దాచుకోలేదు. సూదికి వెళ్తూ, దవడ మీద అలాంటి మచ్చనే దుపట్టాతో కప్పుకుని తిరిగే, తనతో పాటు ప్యాకింగ్‌లో పనిచేసే ఫక్రున్నీసాను వెంట తీసుకెళ్లింది.

"జెర సేపు ఆ పిల్ల దగ్గర కూసో," అంది దారిలో. "అన్నీ విడమర్చి చెప్తది."